ఒకే తడికి చెలక వడలుతుంది, రేగడి జౌకెక్కుతుంది: కారణం, చేయాల్సిన పని

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఖమ్మం వైపు నాలుగెకరాల మిరప. పై రెండెకరాలు ఎర్ర చెలక, దిగువ రెండెకరాలు నల్లరేగడి. బోరు ఒకటే. అయిదడుగులకో లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు), 40 సెంటీమీటర్లకో డ్రిప్పర్, ఒక్కో డ్రిప్పర్ గంటకు 2 లీటర్లు. నాలుగెకరాలకూ రోజు విడిచి రోజు రెండేసి గంటలు నీళ్లిస్తున్నారు. చెలకలో మొక్కలు మధ్యాహ్నానికి తలవాలుస్తున్నాయి. రేగడిలో ఆకులు పసుపెక్కి, అక్కడక్కడ వేరుకుళ్లు కనిపిస్తోంది. రేగడిలో ఇసుక కలపమని ఒకరు, జిప్సం (కాల్షియం ఉన్న ఖనిజం) చల్లమని ఒకరు, చెలకలో చెరువు మట్టి తోలమని ఇంకొకరు చెప్పారు. ఏది చేయాలి?

ముందు లెక్క చూద్దాం. మీ డ్రిప్ అమరికలో ఎకరానికి సుమారు 6,750 డ్రిప్పర్లు పడతాయి. అంటే ఎకరానికి గంటకు 13,500 లీటర్లు. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,050 లీటర్లు కాబట్టి, గంటకు 3.3 మి.మీ. ఇస్తున్నారు. రెండు గంటలకు 6.7, రోజు విడిచి రోజు కాబట్టి సగటున రోజుకు 3.3 మి.మీ. చలికాలంలో మిరపకు ఇది దాదాపు సరిపోయే నీరే. మొత్తంలో తప్పు లేదు, ఇచ్చే తీరులోనే ఉంది. ఒక చేను ఆ నీటిని పట్టి ఉంచుకోలేకపోతోంది, రెండో చేను వదలలేకపోతోంది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే మట్టి రేణువు దగ్గరికి వెళ్లాలి. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మి.మీ. వరకు ఉంటుంది. బంకమట్టి రేణువు 0.002 మి.మీ. కన్నా చిన్నది. పైగా అది గుండ్రంగా ఉండదు, రేకులా ఉంటుంది. అప్పడాల కట్టను ఊహించుకోండి. చెలకలోని బంకమట్టి ఎక్కువగా కయోలినైట్ రకం. ఈ కట్టలో అప్పడాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, మధ్యలోకి నీరు దూరదు, కట్ట పైపైనే తడుస్తుంది. రేగడిలోది మాంట్‌మోరిల్లొనైట్ రకం. ఇందులో అప్పడాల మధ్యకు నీరు దూరుతుంది, కట్ట ఉబ్బుతుంది, ఎండితే మళ్లీ కుంచించుకుపోతుంది. ఒక గ్రాము కయోలినైట్‌లో నీరు అంటుకునే ఉపరితలం 10 నుంచి 20 చదరపు మీటర్లుంటే, మాంట్‌మోరిల్లొనైట్‌లో 600 నుంచి 800 వరకు ఉంటుంది. రేగడి వేసవిలో నెర్రెలు విచ్చేది, వానకు జిగురై కాలికి అతుక్కునేది ఇందువల్లే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నేలలో ఎంత నీరుందన్నది ఒకటి, అందులో మొక్కకు ఎంత దక్కుతుందన్నది వేరొకటి. బంకమట్టి రేకులకు పలుచగా అంటుకున్న నీటి పొరను వేరు లాగలేదు. రేగడిలో బరువు లెక్కన సుమారు 20 శాతం నీరున్నప్పుడే మొక్క చచ్చే స్థితికి రావచ్చు. చెలకలో 12 శాతం ఉంటే మొక్క హాయిగా ఉంటుంది. చేతికి చల్లగా తగిలినంత మాత్రాన రేగడిలో పదును ఉన్నట్టు కాదు, పొడిగా కనిపించినంత మాత్రాన చెలక బెట్టకు వచ్చినట్టూ కాదు. మొక్కకు దక్కే నీరు మీటరు లోతుకు మంచి రేగడిలో సుమారు 200 మి.మీ., ఇసుకపాలు ఎక్కువున్న చెలకలో సుమారు 100 మి.మీ. అనుకోవచ్చు.

మిరప వేళ్లు ఎక్కువగా 40 సెంటీమీటర్ల లోపే తిరుగుతాయి. ఆ లోతులో రేగడిలో 80, చెలకలో 40 మి.మీ. నీరు మొక్కకు దక్కేది. మిరప సున్నితమైన పంట, ఇందులో 30 శాతం ఖర్చయ్యేసరికే మళ్లీ తడి అందాలి. అంటే రేగడిలో 24, చెలకలో 12 మి.మీ. పైగా డ్రిప్ చేనంతా తడపదు. రేగడిలో నీరు పక్కలకు బాగా పాకి సగం చేను దాకా తడుస్తుంది. చెలకలో నేరుగా కిందికి దిగుతుంది కాబట్టి మూడో వంతు, కాస్త పైన. అవీ లెక్కేస్తే రేగడి ఒక తడికి ఇముడ్చుకోగలిగేది 12 మి.మీ., చెలక 4 నుంచి 5 మి.మీ.

ఇప్పుడు మీరిచ్చే 6.7 మి.మీ. సంగతి చూడండి. చెలకలో మొదటి 4, 5 మి.మీ. వేళ్ల దగ్గర ఆగుతుంది, మిగిలిన 2 మి.మీ. వేళ్లు దాటి కిందికి పోతుంది. ఒంటరిగా పోదు, మీరు డ్రిప్‌లో ఇచ్చిన యూరియాను నైట్రేట్ రూపంలో వెంట తీసుకుపోతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి వేళ్ల దగ్గర నీరు అయిపోయి మొక్క తలవాలుస్తుంది.

మరి కిందికి పోయిన ఆ నీరు ఎక్కడ తేలుతుంది? మీ రేగడి దిగువన ఉందన్నారు కదా. మన ప్రాంతంలో గ్రానైటు రాళ్ల మీద ఇలా పైన ఎర్రనేల, వాలు కింద నల్లనేల ఉండడం మామూలే. పైనుంచి కొట్టుకొచ్చిన సన్న మట్టి, సున్నం దిగువన చేరడం వల్లే అక్కడ నల్లనేల ఏర్పడుతుంది. పై చేలో ఇంకిన నీరు గట్టి మొరం పొర మీదుగా వాలు పట్టుకుని నడిచి, రేగడి మొదలయ్యే చోట ముందుకు సాగలేక ఊటలా పైకొస్తుంది. మీ పసుపు మొక్కలు రెండు నేలలూ కలిసే గట్టు దగ్గర ఎక్కువగా ఉన్నాయా, చేను మధ్యలో ఎక్కువగా ఉన్నాయా చూడండి. గట్టు దగ్గరే ఎక్కువైతే ఆ రోగం పై చేనుదే. తడులు ఎలా మార్చినా, ముందు ఆ గట్టు వెంట రెండున్నర అడుగుల లోతు కాలువ తీసి, పక్కకు మురుగు పోయే దారికి కలపాలి. లోతు తక్కువైతే ఊట దాని కింద నుంచి దాటిపోతుంది.

రేగడిలో ఆకులు ఎందుకు పసుపెక్కుతాయంటే, నీరెక్కువై కాదు, గాలి లేక. నేల మొత్తం ఘనపరిమాణంలో కనీసం పదో వంతు గాలి ఉండాలి. రేగడిలో పెద్ద రంధ్రాలు తక్కువ. రెండు రోజులకోసారి పైపొర తడుపుతూ ఉంటే అది ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. వేరు ఊపిరి తీసుకోలేకపోతే నీళ్లలో నిలబడి కూడా నీరు తాగలేదు. అక్కడి నత్రజని వాయువుగా మారి ఎగిరిపోతుంది. ఇది చూసి ఇంకో బస్తా యూరియా వేసేవారున్నారు. అది డబ్బు దండగ.

ఇప్పుడు చేయాల్సిన పని. రెండు చేలకూ వేర్వేరు గేట్ వాల్వులు పెట్టండి. మిగతా ఖర్చులన్నిటికన్నా ముందు ఈ ఖర్చు పెట్టాలి. ఆ తర్వాత నీరు మొత్తం అంతే, తడుల వేళలు మాత్రం వేరు. చెలకకు రోజూ గంట. రేగడికి మూడు రోజులకోసారి మూడు గంటలు, అదీ గంటన్నర ఇచ్చి, గంట ఆపి, మళ్లీ గంటన్నర. రేగడి తడిశాక గంటకు 1 నుంచి 5 మి.మీ. మించి ఇంకదు, కొన్ని చోట్ల 1 మి.మీ. కూడా ఇంకదు. ఆపకుండా ఇస్తే డ్రిప్పర్ కింద గుంట కట్టి, మొదలు దగ్గర నీరు నిలుస్తుంది. ఫిబ్రవరి చివర ఎండలు ముదిరి రోజుకు 5 నుంచి 6 మి.మీ. అవసరమైనప్పుడు చెలకకు ఉదయం 50 నిమిషాలు, సాయంత్రం 50 నిమిషాలు ఇవ్వండి. రేగడికి రెండు రోజులకోసారి మూడున్నర గంటలు. ఎరువు చెలకలో వారానికి ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా, తడి మధ్యలో వదిలి, చివరి పది నిమిషాలు ఉత్త నీటితో పైపులు కడగండి. తడి మొదట్లోనే వదిలితే మిగతా నీరంతా దాన్ని కిందికి నెట్టేస్తుంది.

ఈ లెక్కలు మీ చేనుకు సరిపోయాయో లేదో గడ్డపారతో తేల్చుకోవాలి. తడి ఇచ్చిన మర్నాడు లేటరల్‌కు అడ్డంగా రెండడుగుల లోతు గొయ్యి తీసి, తడి ఎంత వెడల్పు, ఎంత లోతు ఉందో చూడండి. చెలకలో తడి అడుగున్నర లోతు దాటితే వ్యవధి తగ్గించండి. రెండు డ్రిప్పర్ల మధ్య పొడి పట్టీ మిగిలితే వచ్చే ఏడాది 30 సెంటీమీటర్లకో డ్రిప్పర్ ఉన్న పైపు కొనండి. రేగడిలో 60 సెంటీమీటర్లకోటి చాలు. టెన్షియోమీటర్ (నేల నీటిని ఎంత బిగువుగా పట్టుకుందో చూపే పరికరం) ఉంటే అడుగు లోతున పెట్టి, చెలకలో ముల్లు 20 నుంచి 25 సెంటీబార్లకు వచ్చినప్పుడు, రేగడిలో 40 నుంచి 50కి వచ్చినప్పుడు తడి ఇవ్వండి. అంకెలు వేరుగా ఉండడమే ఈ రెండు నేలల మధ్య తేడా.

ఇప్పటికే పసుపెక్కిన రేగడి ముక్కకు మాత్రం నీళ్లు పూర్తిగా ఆపండి, పైన నాలుగంగుళాల మట్టి పొడిపొడిగా రాలేదాకా. సాళ్ల మధ్య కాలువలు తెరవండి. వేరు కోలుకునేదాకా ఆహారం ఆకు మీదనే అందాలి. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కుళ్లు మొదలైన మొక్కల చుట్టూ లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. పూర్తిగా వడలిన మొక్కల్ని పీకి బయట తగలబెట్టండి, అవి తిరిగి లేవవు.

ఇక ఇసుక సంగతి. రేగడిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందన్నది వినడానికి సబబుగానే ఉంటుంది, లెక్కకు మాత్రం నిలవదు. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి బరువు దాదాపు 800 టన్నులు. అందులో బంకమట్టి 55 శాతం ఉందనుకుందాం. దాన్ని 30 శాతానికి దించాలంటే దాదాపు 670 టన్నుల ఇసుక కావాలి, మూడేసి టన్నుల ట్రాలీలైతే రెండు వందలకు పైగా. అదీ ఆరంగుళాలకే. పది ట్రాలీలు తోలితే ఏమవుతుంది? ఇసుక రేణువులు ఒకదానికొకటి తగలకుండా బంకమట్టిలో పూడిపోతాయి. కొత్త రంధ్రాలేవీ రావు, ఎండాక నేల ఇటుకలా గట్టిపడుతుంది.

మొక్క పాదులో గొయ్యి తీసి అడుగున గులకరాళ్లు పోయడం ఇంకో తప్పు. సన్న రంధ్రాల మట్టి నుంచి పెద్ద ఖాళీల్లోకి నీరు తనంతట తాను దిగదు. మట్టి పూర్తిగా నానిపోయాకే చుక్క కారుతుంది. అంటే గులకరాళ్ల పైన మట్టి ఎప్పుడూ బురదగానే ఉంటుంది. చుట్టూ రేగడి కాబట్టి రాళ్లలోకి దిగిన నీటికి బయటికి దారి ఉండదు, ఆ గొయ్యి తొట్టిలా నిండి ఉంటుంది. నీరు పోవాలంటే కింద ఖాళీ ఉంటే చాలదు, దిగువకు తెరిచి ఉన్న దారి ఉండాలి.

జిప్సం విషయంలో అవును, కాదు అని ఒక్కమాటలో చెప్పలేం. ముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేదు. ఎండిన మట్టి పెళ్ల నుంచి శనగగింజంత ముక్కలు నాలుగైదు తీసుకోండి. గాజు గ్లాసులో వాన నీరు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి ముక్కల్ని మెల్లగా వేయండి. కదపకండి. పది నిమిషాలయ్యాక ఒకసారి, రెండు గంటలయ్యాక మరోసారి చూడండి. ముక్క విడిపోయి చిన్న పలుకులుగా అడుగున పడి, నీరు తేటగా ఉంటే, అది సేంద్రియ పదార్థం చాలని నేల. పశువుల ఎరువు, పచ్చిరొట్ట అక్కడ మందు. ముక్క చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మి నీరు తెల్లబడితే, అందులో సోడియం చేరింది. అలాంటి చోటే జిప్సం పనిచేస్తుంది. ఈ పరీక్షకు బోరు నీళ్లు వాడొద్దు. వాటిలోని ఉప్పులు రేణువుల్ని దగ్గరికి లాగి మబ్బు రాకుండా చేస్తాయి, చౌడు నేల కూడా మంచిదిగా కనిపిస్తుంది.

పాలమబ్బు ఎందుకొస్తుందంటే, బంకమట్టి రేకులకు రుణావేశం ఉంటుంది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రెండు ధనావేశాలున్న కాల్షియం మధ్యలో ఉంటే రేకుల్ని కలిపి పట్టి ఉంచుతుంది, మట్టి పలుకులు కడుతుంది, పలుకుల మధ్య గాలి, నీరు ఆడతాయి. సోడియానికి ఆవేశం ఒక్కటే, పైగా చుట్టూ దట్టంగా నీటి కవచం కట్టుకుని ఉంటుంది. అది చేరితే రేకులు విడివిడిగా తేలిపోయి, కిందికి జారి, ఉన్న కాసిని రంధ్రాల్నీ మూసేస్తాయి. వాన పడ్డాక ఇలాంటి నేల ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే వాన నీరు ఉప్పును కడిగేస్తుంది గానీ రేకుకు అంటుకున్న సోడియాన్ని కదిలించలేదు.

మబ్బు కనిపిస్తే మట్టి పరీక్షలో ఉదజని సూచిక (pH), మార్పిడి సోడియం శాతం (రేకులకు అంటుకున్న వాటిలో సోడియం వాటా), జిప్సం అవసరం అడగండి. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం శాతం 15 దాటితే అది చౌడే. మార్పిడి సోడియంలో ప్రతి ఒక్క మిల్లీ ఈక్వివలెంటును (వంద గ్రాముల మట్టికి) తీసేయడానికి, ఆరంగుళాల లోతుకు ఎకరానికి 700 నుంచి 850 కిలోల జిప్సం పడుతుంది. వానలకు ముందు చల్లి, పై నాలుగంగుళాల్లో కలిసేలా గొర్రు తోలి, మడిలో నీరు నిలిపి, ఆ నీటిని మురుగు కాలువలోకి వదలాలి. కాల్షియం తోసేసిన సోడియం చేను దాటి పోవాలి కదా. మురుగు కాలువ లేకుండా జిప్సం వేస్తే సోడియం అక్కడక్కడే తిరుగుతుంది. బోరు నీటిని కూడా పరీక్ష చేయించండి. అందులో శేష సోడియం కార్బొనేట్ (కాల్షియం, మెగ్నీషియంలకు మించి మిగిలే కార్బొనేట్లు) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే, ఎంత జిప్సం వేసినా ఏటా ఆ నీరే మళ్లీ చౌడు తెస్తుంది. మబ్బు రాకపోతే మాత్రం జిప్సం మీద పైసా పెట్టకండి.

రేగడికి నిలకడగా పనిచేసేది నేలను ఎత్తు చేయడం. వచ్చే ఖరీఫ్‌కు ఒక మీటరు వెడల్పు బెడ్డు, అర మీటరు కాలువ, బెడ్డు ఎత్తు 20 నుంచి 25 సెంటీమీటర్లు. కాలువలు వంద మీటర్లకు అర మీటరు చొప్పున వాలు ఉండేలా తీయాలి. అంతకు మించితే కోత, తక్కువైతే నిలవ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) రేగడి నేలల కోసం ప్రచారం చేసిన వెడల్పు బెడ్డు, కాలువ పద్ధతి ఇదే. ఒకే ప్రాంగణంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్న అరుదైన చోటది.

దున్నే వేళ రేగడిలో అన్నిటికన్నా ముఖ్యం. పదును చూడడానికి మట్టిని అరచేతుల మధ్య తాడులా రుద్దండి. పెన్సిల్‌లో సగం మందం, అంటే 3 మి.మీ. సన్నగా సాగినా తెగకపోతే ట్రాక్టరు దించొద్దు. నాగలి కర్రు ఆ తడిలో మట్టిని పూతలా పూసి, ఆరంగుళాల కింద గట్టి పొరను కట్టేస్తుంది. తాడు ఆ మందానికి రాకముందే తునకలైతే పదును వచ్చినట్టు. ఇప్పటికే గట్టి పొర ఉంటే ఏప్రిల్, మే నెలల్లో నేల బాగా ఎండాకే చీజెల్ నాగలి (లోతుగా చీల్చే నాగలి) వేయాలి. పొడి నేల పెళపెళ విరుగుతుంది, తడి నేల గీత పడి మళ్లీ మూసుకుంటుంది.

నెర్రెల విషయంలో ఒక జాగ్రత్త. బాగా ఎండి విచ్చిన రేగడి మీద మొదటి నీరు గంటకు 70 మి.మీ. పైగా కూడా మింగేస్తుంది. అది చూసి నేల బాగా ఇంకిస్తోందనుకోవద్దు. నీరు నెర్రెల్లోంచి వేళ్ల కిందికి దూరిపోతోంది, పైపెళ్లలు పొడిగానే ఉంటాయి. కాసేపటికి నెర్రెలు ఉబ్బి మూసుకున్నాక ఇంకడం దాదాపు ఆగిపోతుంది. అందుకే సాళ్ల మధ్య గుంటక తోలి నెర్రెల నోళ్లు మూయాలి. నెర్రె విచ్చితే వేళ్లు కూడా తెగుతాయి.

చెలకకు చెరువు మట్టి తోలమన్న సలహా నిజంగా మంచిది. ఇసుకను రేగడిలో కలపడానికి కావాల్సినంత భారం ఇక్కడ పడదు. మీ చెలకలో బంకమట్టి 10 శాతం, చెరువు మట్టిలో 50 శాతం ఉందనుకుంటే, పై ఆరంగుళాల్లో దాన్ని 12 శాతానికి పెంచడానికి ఎకరానికి 40 టన్నులు చాలు. రెండు శాతమే కదా అనిపిస్తుంది, కానీ ఇసుక రేణువుల మధ్య వంతెనలు కట్టేది ఆ రెండు శాతమే. 2015లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టి తోలుకోవడం తెలంగాణ పల్లెల్లో బాగా పెరిగింది. అయితే తోలే ముందు ఆ మట్టికీ గ్లాసు పరీక్ష చేయండి, లవణాల పరీక్ష చేయించండి. పాలమబ్బు వచ్చే పూడిక చేలోకి రానివ్వొద్దు. మేలో తోలి, పెళ్లలు ఎండలో పగిలేదాకా వదిలి, తొలకరికి రెండుసార్లు గొర్రు అడ్డంగా తోలి కలపాలి. పైన పొరలా వదిలేస్తే ఆ పొరే నీటిని కిందికి పోనీయదు.

చెలకకు ఇంకో ఇబ్బంది పెచ్చు. వాన చినుకు దెబ్బకు పైమట్టి చితికి సన్న రేణువులు రంధ్రాల్ని మూసి, ఎండాక పెచ్చు కడుతుంది. ఇంకడానికి తగినంత పెద్ద రంధ్రాలున్న నేల మీద కూడా నీరు పారిపోయేది దీనివల్లే. 25 లేదా 30 మైక్రాన్ల మల్చింగ్ షీటు గానీ, అందుబాటులో ఉంటే అంగుళమున్నర మందం వరిగడ్డి గానీ చినుకును ఆపుతుంది. అదే షీటును రేగడి బెడ్డు మీద వేస్తే మాత్రం ఆవిరి తగ్గి నేల ఇంకా నిదానంగా ఆరుతుంది కాబట్టి, తడి మూడు రోజుల బదులు నాలుగు రోజులకు మార్చి, గొయ్యి తీసి చూసి ఖాయం చేసుకోండి.